అణు భద్రత: మేము వెళ్ళిపోయిన తరువాత మిగిలేది

ఒక దేశంలో ఉన్న అణు పదార్థాన్ని, అణు కేంద్రాలను కాపాడే బాధ్యత పూర్తిగా ఆ దేశానిదే. ఈ రంగంలోని అంతర్జాతీయ ఒప్పందాలు, మార్గదర్శకాలు అన్నీ ఈ మాట మీదే నిలబడి ఉన్నాయి, నేను నడిపే బృందం పని కూడా ఈ మాటకు లోబడే సాగుతుంది. మేము ఎవరి కేంద్రానికీ కాపలా కాయము, ఎవరి తాళాలూ మా దగ్గర ఉంచుకోము, పిలవని చోటికి వెళ్ళము. పిలిచిన దేశానికి వెళ్ళి అక్కడి చట్టాలు, కంచెలు, తాళాలు, సరుకు లెక్కలు, గార్డుల శిక్షణ అన్నిటినీ అక్కడివాళ్ళతో కలిసి పరిశీలించి, ఎక్కడ బలహీనంగా ఉందో దాచకుండా చెప్పి, దాన్ని సరిచేసుకోవడానికి కావలసిన నైపుణ్యాన్నీ పరికరాలనూ సమకూర్చడంలో సాయపడతాము. చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మీదట నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటి ఉంది. మేము వెళ్ళిపోయిన మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఆ కంచె దగ్గర ఏం జరుగుతోందన్నదే మా పనికి అసలు పరీక్ష. బృందాన్ని నడిపే మనిషి తీసుకునే ప్రతి నిర్ణయమూ ఆ పరీక్షకు నిలబడాలి.

అణు కేంద్రం అనగానే చాలామందికి చెర్నోబిల్, ఫుకుషిమా వంటి ప్రమాదాలు గుర్తుకు వస్తాయి. ప్రమాదాలను నివారించే ఇంజనీర్ల పని ఎంతో విలువైనది, కానీ మాది దాని పక్కనే ఉండే వేరే పని. పంపు చెడిపోతే ఏం చేయాలన్నది వాళ్ళ ఆలోచన. ఆ పంపును కావాలని చెడగొట్టేవాడు ఎటు నుంచి వస్తాడు, ఎవరి సాయంతో వస్తాడు, అతనికి ఎన్ని నిమిషాలు పడుతుంది అన్నది మా ఆలోచన. యంత్రానికి దురుద్దేశం ఉండదు. మనిషికి ఉంటుంది, పైగా అతను మన ఏర్పాట్లను గమనించి వాటికి తగ్గట్టు తన పద్ధతి మార్చుకుంటాడు. అందువల్ల నిరుడు పనికొచ్చిన ఏర్పాటు ఈ ఏడు కూడా పనికొస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పైగా ఇక్కడ కాపాడవలసిన సరుకు చాలా కొద్ది చోటులో ఇమిడిపోతుంది. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం, రియాక్టర్‌లో వాడని ప్లుటోనియం 2 కిలోలు గానీ, అధికంగా శుద్ధి చేసిన, అంటే యురేనియం-235 అనే రకం వంతును బాగా పెంచిన, యురేనియంలో ఆ యురేనియం-235 5 కిలోలు గానీ ఉంటే అది మొదటి వర్గానికి చెందుతుంది, అంటే అన్నిటికన్నా కట్టుదిట్టమైన కాపలా ఉండాలి. ఒక బాంబు తయారయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేని మొత్తంగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్లుటోనియానికి 8 కిలోలను, అధిక శుద్ధి యురేనియంలోని యురేనియం-235కు 25 కిలోలను లెక్కలోకి తీసుకుంటుంది. యురేనియం ఎంత సాంద్రమైన లోహమంటే ఆ 25 కిలోలు కరిగించి పోస్తే రెండు లీటర్ల పాత్ర కూడా నిండదు. టన్నుల లెక్కన సరుకు కదిలే కర్మాగారాలను చూసి వచ్చిన అధికారులకు ఈ ఒక్క విషయం మనసుకు ఎక్కించడానికి కొన్నిసార్లు ఒక పూట పడుతుంది. ఆ పూట వృథా కాదు.

ఇంత తక్కువ సరుకు ఇంత ప్రమాదకరమైనప్పుడు, దాన్ని కాపాడటం కన్నా అక్కడ లేకుండా చేయడమే మేలైన చోట్లు కొన్ని ఉంటాయి. సోవియట్ యూనియన్ విడిపోయాక కజకిస్తాన్‌లోని ఉల్బా కర్మాగారంలో మిగిలిపోయిన దాదాపు 600 కిలోల అధిక శుద్ధి యురేనియాన్ని 1994లో రహస్యంగా విమానాల్లో అమెరికాకు తరలించారు. 2002 ఆగస్టులో బెల్‌గ్రేడ్ దగ్గరున్న వించా పరిశోధన సంస్థ నుంచి 48 కిలోలను రష్యాకు పంపించారు. 2010లో చిలీలో పెను భూకంపం వచ్చినప్పుడు కూడా అక్కడి 18 కిలోల తరలింపును వదిలిపెట్టకుండా పూర్తి చేశారు. ఘనా 2017లో, నైజీరియా 2018లో తమ చిన్న పరిశోధన రియాక్టర్లను తక్కువ శుద్ధి ఇంధనంతో నడిచేలా మార్చుకున్నాయి, పాత ఇంధనం చైనాకు తిరిగి వెళ్ళింది. ఆ రియాక్టర్లు మూతపడలేదన్నది ఇందులో నాకు నచ్చే విషయం. విద్యార్థులు చదువుకుంటూనే ఉన్నారు, నమూనాల విశ్లేషణ జరుగుతూనే ఉంది, దొంగిలించదగ్గ సరుకు మాత్రం అక్కడ లేదు. ఒక పరిశోధన సంస్థ అధిపతి తన రియాక్టర్ గౌరవం తగ్గిపోతుందేమోనని సందేహించినప్పుడు నేను ముందుగా ప్రస్తావించేది ఈ రెండు దేశాలనే.

ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో యంత్రాల లోపల ఉండి వికిరణం వెలువరించే పదార్థాల, అంటే రేడియోధార్మిక మూలాల, విషయంలో ఇలా తీసుకుపోవడం అన్నిచోట్లా కుదరదు, ఎందుకంటే క్యాన్సర్ రోగికి ఆ యంత్రం రేపు కూడా కావాలి. వాటితో అణుబాంబు తయారు కాదు గానీ, అజాగ్రత్తగా వదిలేస్తే ఏమవుతుందో బ్రెజిల్‌లోని గోయానియా 1987లోనే చూపించింది. ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఒక చికిత్సాలయంలో మిగిలిన యంత్రాన్ని పాత ఇనుము కోసం విప్పారు, లోపలి సీసియం-137 పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే ముచ్చటపడి బంధువులకు, ఇరుగుపొరుగులకు పంచారు. నలుగురు చనిపోయారు, 249 మందికి ఆ పదార్థం అంటుకుంది, లక్షా పన్నెండు వేల మందిని పరీక్షించవలసి వచ్చింది. అక్కడ ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. 2013 డిసెంబరులో మెక్సికోలో ఒక ఆసుపత్రి పాత కోబాల్ట్-60 మూలాన్ని తీసుకువెళుతున్న లారీని దొంగలు ఎత్తుకుపోయారు, వాళ్ళకు కావలసింది లారీ. రెండు రోజుల తరువాత ఆ మూలం, కవచం నుంచి బయటికి తీసిన స్థితిలో, ఒక పొలంలో దొరికింది. ఉద్దేశమే లేనివాళ్ళకు ఇంత సులభంగా చిక్కింది ఉద్దేశం ఉన్నవాళ్ళకు చిక్కదని ఎలా అనుకోగలం? అందుకే ఎక్కించబోయే రక్తాన్ని సీసియం వికిరణానికి గురిచేసే యంత్రాల స్థానంలో ఎక్స్‌రే యంత్రాలు పెట్టుకోగలిగిన ప్రతి ఆసుపత్రినీ మేము ఆ దారికి ప్రోత్సహిస్తాము. కోబాల్ట్ తప్పనిసరైన చోట, ఆ గది తలుపుకు అలారం పెట్టి, అది మోగితే స్థానిక పోలీసు ఠాణాలో ఎవరు ఫోను ఎత్తుతారో కనుక్కుంటాము. చాలాచోట్ల ఆ ఠాణా వాళ్ళకు ఆసుపత్రిలో అలాంటి గది ఉందనే తెలియదు. వాళ్ళను ఒకసారి తీసుకువెళ్ళి చూపించడానికి ఖర్చు ఏమీ ఉండదు, చేసే మేలు మాత్రం చాలా ఎక్కువ.

ఇక కేంద్రాల పరిశీలన సంగతి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1995లో మొదలుపెట్టిన భౌతిక రక్షణ సలహా సేవ కింద ఇప్పటికి వందకు పైగా పర్యటనలు జరిగాయి, వేర్వేరు దేశాల నిపుణులు ఒక బృందంగా వెళ్ళి సాటి నిపుణుల కళ్ళతో చూసి రావడం దాని పద్ధతి. మా పద్ధతి కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. ఏ రక్షణ ఏర్పాటునైనా తూచే సూత్రం ఒకటే. చొరబాటును ఎంత తొందరగా పసిగట్టగలం, పసిగట్టాక కంచెలూ గోడలూ తలుపులూ అతన్ని ఎంతసేపు ఆపగలవు, ఆ సమయంలోపు సాయుధ బలగం అక్కడికి చేరగలదా? పసిగట్టకముందు చొరబాటుదారును ఆపిన సమయానికి విలువ లేదు. గోడ ఎంత మందంగా కట్టినా, అది తొలుస్తున్న సంగతి ఎవరికీ తెలియకపోతే ఆ మందం లెక్కలోకి రాదు. ఈ లెక్క కాగితం మీద చక్కగా కుదురుతుంది, కుదరనిది రాత్రి షిఫ్టులో కనిపిస్తుంది. అందుకే మా బృందంలో కనీసం ఇద్దరు అనుమతి తీసుకుని ఒక రాత్రి కంచె వెంట గార్డులతో నడవాలన్నది నేను ఎక్కడా వదులుకోని నియమం.

అలాంటి ఒక రాత్రి, ఒక దేశంలో, దూరపు పహరా గదిలో గస్తీ రిజిస్టర్ చూశాము. రెండు గంటలకు ఒకసారి కంచె చుట్టూ తిరిగి వచ్చి సమయం రాసి సంతకం చేయాలి. అప్పుడు సమయం పదకొండు దాటింది. రిజిస్టర్‌లో మాత్రం ఒంటి గంటకు, మూడింటికి, అయిదింటికి కూడా అదే సిరాతో, అదే దస్తూరితో, "అంతా సవ్యం" అని రాసి సంతకాలు చేసి ఉన్నాయి. మా బృందంలోని ఒక మాజీ పోలీసు అధికారి ఆ పేజీని నాకు చూపించి ఏమీ అనకుండా రిజిస్టర్ మూశారు. అక్కడ నిలబడ్డ గార్డుకు విషయం అర్థమైంది, అతని ముఖం పాలిపోయింది. ఆయన అతన్ని తప్పు పట్టకుండా, ఆ దారంట తనతో నడవమని అడిగారు. నడిచాము. సగం దారికి దీపాలు లేవు, కంచె అవతల అడవి. గార్డు చేతి దీపంలో బ్యాటరీలు అతను సొంత డబ్బుతో కొన్నవి. వానాకాలంలో మోకాటి లోతు నీళ్ళు నిలిచే పల్లం ఒకటి ఉంది, అతనికి ఇచ్చిన బూట్లు అక్కడ పనికిరావు. ఇద్దరు తిరగవలసిన చోట అతను ఒక్కడే తిరుగుతున్నాడు, రెండో మనిషి ఉద్యోగం ఖాళీ అయి చాలాకాలమైంది. మా నివేదికలో ముందే నింపిన రిజిస్టర్ గురించి రాశాము, రాయక తప్పదు. కానీ దాని పైన, దానికన్నా పెద్ద అక్షరాలతో రాసినట్టుగా, దీపాల గురించి, బూట్ల గురించి, ఖాళీ ఉద్యోగం గురించి రాశాము. ఆ కేంద్రానికి ఖరీదైన కెమెరాలు కావాలని వచ్చిన అభ్యర్థనను ఆ తరువాతి వరుసలో పెట్టాము. గార్డు కాళ్ళకు సరైన బూట్లు లేని చోట కొత్త కెమెరా వచ్చినా, అది చూపించిన దాని దగ్గరికి ఎవరూ పరుగెత్తి వెళ్ళలేరు.

డబ్బు లేని దేశాల్లోనే ఇలా జరుగుతుందని అనుకుంటే పొరపాటు. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో వై-12 అనే కేంద్రం ఉంది, అధిక శుద్ధి యురేనియం దాచే భవనం అక్కడే ఉంది. 2012 జూలై 28 తెల్లవారకముందు ముగ్గురు శాంతి కార్యకర్తలు, వాళ్ళలో ఒకరు 82 ఏళ్ళ సన్యాసిని, కంచెలు కత్తిరించుకుంటూ ఆ భవనం గోడ దాకా నడిచి వెళ్ళి, దాని మీద నినాదాలు రాసి, సుత్తితో కొట్టారు. తరువాతి విచారణలో తేలినవి చదివితే ఏ కేంద్రం అధిపతికైనా గుండె ఝల్లుమంటుంది. కొన్ని కెమెరాలు చాలాకాలంగా పనిచేయడం లేదు, మరమ్మతుల జాబితా పేరుకుపోయింది, తప్పుడు అలారాలు ఎంత ఎక్కువగా మోగేవంటే అవి మోగడం మామూలైపోయింది, గోడ మీద సుత్తి చప్పుడు విన్న సిబ్బంది ఎవరో మరమ్మతు పనివాళ్ళు అనుకున్నారు. డబ్బుకు, సాంకేతికతకు కొదవ లేని చోట కూడా రక్షణ కరిగిపోయింది రోజువారీ అలవాటులోనే. ఏ దేశంలోనైనా కంట్రోల్ రూమ్‌లోకి అడుగుపెట్టగానే నేను మొదట చూసేది, ఎన్ని సెన్సర్లను "తాత్కాలికంగా" ఆపి ఉంచారన్నది, ఆ తాత్కాలికం ఏ తేదీన మొదలైందన్నది.

బయటివాడి గురించి ఇంత చెప్పాక లోపలివాడి గురించి చెప్పాలి, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. 1992లో రష్యాలోని పొదోల్స్క్‌లో ఒక సంస్థ ఉద్యోగి, 90 శాతం శుద్ధి చేసిన యురేనియాన్ని నెలల తరబడి కొద్దికొద్దిగా ఇంటికి తీసుకుపోయి మొత్తం కిలోన్నర దాకా పోగుచేశాడు. ఉత్పత్తిలో కొంత నష్టం సహజమేనని లెక్కల్లో వదిలేసే శాతం ఒకటి ఉండేది, అతను తీసుకున్నదంతా ఆ శాతం లోపలే ఉండేలా చూసుకున్నాడు. అందువల్ల పుస్తకాల్లో ఏ లోటూ కనిపించలేదు. చివరికి పట్టుబడింది కూడా వేరే దొంగతనం అనుమానంతో పోలీసులు ఆపిన పొరుగువాళ్ళతో కలిసి రైల్వే స్టేషనులో ఉన్నందువల్లే. కంచెలు, గార్డులు, కుక్కలు, ఏవీ అతన్ని ఆపలేదు, ఎందుకంటే అతను రోజూ గేటులోంచి గుర్తింపు కార్డు చూపించి వచ్చేవాడు. 2014 ఆగస్టులో బెల్జియంలోని డోల్ కేంద్రంలో నాలుగో రియాక్టర్ టర్బైన్‌కు చెందిన 65 వేల లీటర్ల నూనెను ఎవరో వాల్వు తిప్పి ఖాళీ చేశారు, టర్బైన్ దెబ్బతిని రియాక్టర్ నెలల పాటు ఆగిపోయింది. ఏళ్ళ తరబడి దర్యాప్తు జరిగినా దోషిని నిలబెట్టలేకపోయారు.

దీనికి విరుగుడుగా చెప్పే పద్ధతులు తెలిసినవే. సరుకు గదిలోకి ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు, రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి, తూకాలను ఇంకొక విభాగం మళ్ళీ తూచాలి, ఉద్యోగంలో చేరేటప్పుడే కాకుండా మధ్యమధ్యలో కూడా మనిషి పరిస్థితులను పరిశీలించాలి. పద్ధతులు రాసుకోవడం తేలిక. ఇరవై ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్న ఇద్దరికి ఒకరిని ఒకరు కనిపెట్టుకుని ఉండమని చెప్పడం తేలిక కాదు. దాన్ని అవమానంగా తీసుకునే సీనియర్ శాస్త్రవేత్తలను నేను చాలామందిని చూశాను, వాళ్ళ బాధలో నిజం ఉంది. వాళ్ళకు నేను చెప్పేది ఇది: ఈ నియమం ముందు మీకే రక్షణ. మీ కుటుంబాన్ని బెదిరించి మీ చేత సరుకు తీయించాలని ఎవరైనా అనుకుంటే, మీ ఒక్కరి చేతిలో ఆ పని లేదని వాళ్ళకు తెలియాలి. ఈ మాట విన్నాక చాలామంది వైఖరి మారుతుంది. జీతాలు నెలల తరబడి ఆగిపోయిన కేంద్రంలో మాత్రం ఏ మాటా పనిచేయదు, అక్కడ నేను మంత్రిత్వ శాఖ వాళ్ళతో జీతాల గురించే మాట్లాడతాను. అది మా పరిధిలోకి రాదని కొందరు అధికారులు అన్నారు. వస్తుందని నా గట్టి నమ్మకం.

బృందంలో ఎవరెవరు ఉండాలన్నది కూడా ఈ అవగాహన నుంచే వస్తుంది. సెన్సర్ల ఇంజనీరు, సరుకు లెక్కలు తెలిసిన భౌతిక శాస్త్రవేత్త, కంప్యూటర్ వ్యవస్థల రక్షణ చూసే నిపుణురాలు, బలగాల శిక్షణ తెలిసిన మాజీ అధికారి, వీళ్ళతో పాటు చట్టం రాయగలిగిన మనిషి తప్పనిసరి. అణు పదార్థాల భౌతిక రక్షణ ఒప్పందం 1980లో సంతకాలకు వచ్చినప్పుడు ప్రధానంగా దేశాల మధ్య రవాణానే దృష్టిలో పెట్టుకుంది. దేశం లోపలి కేంద్రాలకూ నిల్వలకూ దాన్ని వర్తింపజేస్తూ 2005లో చేసిన సవరణ, సభ్యదేశాల్లో మూడింట రెండు వంతులు ఆమోదించేదాకా అమల్లోకి రాలేదు, ఆ రోజు 2016 మే 8న వచ్చింది. దాదాపు పదకొండేళ్ళు. ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం దురుద్దేశం వల్ల కాదని ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. చిన్న దేశాల్లో ఆ ముసాయిదాను చదివి పార్లమెంటు ముందు పెట్టగలిగిన న్యాయవాదులు ఒకరిద్దరే ఉంటారు, వాళ్ళ బల్ల మీద ఇంకా వంద ఫైళ్ళు ఉంటాయి. అలాంటి చోట మా న్యాయ నిపుణురాలు కూర్చుని చేసే సాయం, ఏ కంచె కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

మా బృందంలో చేరే కొత్తవాళ్ళకు నేను పెట్టే మొదటి కట్టుబాటు గోప్యత. ఒక దేశం తన బలహీనతలను మాకు చూపించడమంటే మామూలు విషయం కాదు. ఏ కేంద్రంలో ఏ లోపం చూశామో ఇంకో దేశంలో ఉదాహరణగా కూడా చెప్పకూడదు, గుర్తుపట్టేంత వివరం అసలే ఇవ్వకూడదు. రెండో కట్టుబాటు, నివేదికలోని ఏ సంగతీ ఆతిథ్య దేశం వాళ్ళు మొదటిసారి నివేదికలోనే చదవకూడదు. ప్రతి సాయంత్రం ఆ రోజు చూసిన వాటిని వాళ్ళ ముందు పెడతాము, వాళ్ళు ఒప్పుకోని చోట వాదించుకుంటాము. వాదన ముగిసేసరికి అది వాళ్ళ సొంత అభిప్రాయమైతే, మేము విమానం ఎక్కాక కూడా ఆ పని సాగుతుంది. అనువాదకులను మేము బృంద సభ్యులుగానే చూస్తాము, ముందురోజే సాంకేతిక విషయాలన్నీ వాళ్ళతో చదివిస్తాము. గార్డు చెప్పిన మాట అనువాదంలో మెత్తబడి అధికారి మాటగా మారిపోతే మాకు తెలియవలసింది తెలియకుండా పోతుంది.

2022 తరువాత మా పని మీద ఒక నీడ పడింది. ఉక్రెయిన్‌లోని జపోరిజ్జియా అణు విద్యుత్ కేంద్రాన్ని ఆ ఏడాది మార్చిలో రష్యా సైన్యం ఆక్రమించుకుంది. మా ప్రణాళికల్లో లెక్కవేసే ముప్పులు సాయుధ ముఠాలు, విధ్వంసకులు, లోపలి మనుషులు. ఒక దేశపు సైన్యం మొత్తం వచ్చి కేంద్రంలో కూర్చుంటే ఏ కేంద్రం కాపలా బలగమూ ఆపలేదు. అణుశక్తి సంస్థ డైరెక్టర్ జనరల్ రఫేల్ గ్రోసి అప్పుడు ప్రకటించిన ఏడు మూల సూత్రాల్లో ఒకటి, సిబ్బంది ఎలాంటి ఒత్తిడీ లేకుండా తమ విధులు నిర్వర్తించగలగాలి, నిర్ణయాలు తీసుకోగలగాలి అన్నది. అది చదివినప్పుడు నాకు ఆ కంట్రోల్ రూమ్‌లో తుపాకుల మధ్య షిఫ్టు చేసిన ఆపరేటర్లే మనసులో మెదిలారు. యుద్ధాన్ని మా శిక్షణ ఆపలేదు. ఆ పరిస్థితిలోనూ రియాక్టర్‌ను ఎలా చూసుకోవాలో తెలిసిన మనుషులు అక్కడ ఉన్నారన్నది మాత్రం ఏళ్ళ తరబడి పెట్టిన శ్రమకు దక్కిన ఫలితం.

శిక్షణకు ఇప్పుడు ఇదివరకు లేని వసతులు వచ్చాయి. వియన్నా దగ్గర సైబర్స్‌డార్ఫ్‌లో అణుశక్తి సంస్థ 2023 అక్టోబరులో అణు భద్రత శిక్షణ, ప్రదర్శన కేంద్రాన్ని ప్రారంభించింది. నిజమైన కంచెలు, సెన్సర్లు, సరిహద్దు తనిఖీ పరికరాల మీద చేతులారా పనిచేసి నేర్చుకునే చోటు అది. అక్కడికి ఎవరిని పంపాలన్న విషయంలో నేను ఆతిథ్య దేశాల అధికారులతో పట్టుదలగా వాదిస్తాను. తరచూ పేర్లు పై స్థాయి నుంచి వస్తాయి, ఏడాదిలో బదిలీ అయ్యేవాళ్ళ పేర్లు వస్తాయి. నాకు కావలసింది సెన్సర్ చెడిపోతే నిచ్చెన ఎక్కి విప్పే సాంకేతిక ఉద్యోగి, కొత్త గార్డులకు పాఠం చెప్పే హవల్దారు. వాళ్ళు తిరిగి వెళ్ళి ఇంకో పది మందికి నేర్పుతారు.

పరికరాలు ఇచ్చే విషయంలో కూడా ఈ మధ్య ఒక షరతు పెట్టుకున్నాము. మేము సమకూర్చే ప్రతి వ్యవస్థకూ విడిభాగాలకు, మరమ్మతులకు, దాన్ని చూసుకునే ఇద్దరు ఉద్యోగుల జీతాలకు ఆ దేశపు వార్షిక బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి, అది కాగితం మీద ఖరారయ్యాకే సామాను బయలుదేరుతుంది. దీనివల్ల కొన్ని పనులు ఆలస్యమయ్యాయి, ఒక దేశం అధికారులు ఇది తమ మీద అపనమ్మకమని నొచ్చుకున్నారు. వాళ్ళ ఆర్థిక శాఖను ఒప్పించడానికి కావలసిన లెక్కలన్నీ మేమే వాళ్ళతో కూర్చుని తయారుచేశాము, రెండు బడ్జెట్ల తరువాత ఆ పద్దు వచ్చింది. అప్పటిదాకా అక్కడి కేంద్రానికి దీపాలు, బూట్లు, రేడియో సెట్లు, రెండో గార్డు వంటి వాళ్ళే సమకూర్చుకోగలిగిన వాటితో నడిచే తాత్కాలిక ఏర్పాటు ఒకటి రాసి ఇచ్చాము. కెమెరాలు వచ్చాక కూడా ఆ ఏర్పాటును వాళ్ళు తీసివేయలేదు.